నక్క వాతలు: లీడ్స్ కథ, మా ఆఫీసు కథ

మా టీంలో ఒక మదనపల్లె కుర్రాడున్నాడు. బుద్ధెరిగాక ఇంగ్లండు మొహం చూసింది లేదు గానీ, మాంచెస్టర్ యునైటెడ్‌ని మాత్రం "మనం" అంటాడు. "నిన్న మనం ఓడిపోయాం అన్నా" అంటూ సోమవారం పొద్దున్నే మొహం వేలాడేసుకుని వస్తే, ఇంట్లో ఏమన్నా జరిగిందేమోనని మొదట్లో కంగారు పడేవాణ్ణి. ఇప్పుడు అలవాటైపోయింది లెండి.

మొన్న లంచ్ దగ్గర వాడొక సిద్ధాంతం చెప్పాడు. "మాంచెస్టర్ సిటీ 2012లో, ఒకప్పుడు బార్సిలోనాలో పనిచేసిన సోరియానోనీ, బెగిరిస్టైన్‌నీ తెచ్చుకుంది. 2016లో గార్డియోలాని తెచ్చుకుంది. కప్పుల మీద కప్పులు కొట్టింది. మనమూ అదే చెయ్యాలన్నా. అందుకే 2024లో సిటీ నుంచే బెరాడాని సీయీవోగా తెచ్చుకున్నాం."

"మరి అదే ఏడాది న్యూకాజిల్ నుంచి నెలల తరబడి ఎదురుచూసి మరీ తెచ్చుకున్న డాన్ ఆష్‌వర్త్ ఐదు నెలలకే వెళ్ళిపోయాడు కదా, ఆ సంగతేంటి?" అన్నాను.

వాడు పెరుగన్నం కలుపుకుంటూ "అది మేనేజ్‌మెంట్ ఫెయిల్యూర్ అన్నా" అని తేల్చేశాడు.

నిజమే. కానీ మేనేజ్‌మెంట్ ఫెయిల్యూర్ అంటే ఏంటి? పక్కవాణ్ణి సరిగ్గా కాపీ కొట్టలేకపోవడమా, లేక అసలు ఏం కాపీ కొట్టాలో తెలియకపోవడమా? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా వెంటాడుతోంది. దానికి కారణం యునైటెడ్ కాదు, లీడ్స్.

2007 ఆగస్టులో నన్ను ఆన్‌సైట్‌కి పంపితే లీడ్స్‌లో దిగాను. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని. క్లయింటు వైపు టెస్ట్ మేనేజరు ఒకాయన ఉండేవాడు. యాభై దాటిన మనిషి. డిఫెక్ట్ మీటింగు అరగంటైతే అందులో పావుగంట లీడ్స్ యునైటెడ్ గురించే. ఆ సీజను వాళ్ళ క్లబ్బు మూడో అంచె లీగులో, అదీ మైనస్ 15 పాయింట్లతో మొదలుపెట్టింది. అప్పుల్లో మునిగి దివాలా ప్రక్రియలోకి వెళ్ళి, నిబంధనల ప్రకారం బయటపడలేకపోయినందుకు శిక్ష అది. అంటే అందరూ సున్నా దగ్గర నుంచి పరుగు మొదలుపెడితే వీళ్ళు గోతిలోంచి పైకెక్కి పరిగెత్తాలి. మొదటి ఏడు మ్యాచ్‌లూ వరసగా గెలిచారు! ఆ ఏడు వారాలూ మా డిఫెక్టులన్నీ చకచకా క్లోజైపోయాయి :)

"ఇంత ఆడగలిగినవాళ్ళు ఇంత లోతుకి ఎలా పడ్డారు?" అని ఒకరోజు అడిగాను. ఆయన చెప్పింది, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి చెప్తాను.

లీడ్స్‌కీ మాంచెస్టర్‌కీ మధ్య దూరం విజయవాడ నుంచి ఏలూరంత. వైరం మాత్రం ఆ లెక్కకి అందదు. 1992లో ఇంగ్లండు లీగు విజేత లీడ్స్, రెండో స్థానం మాంచెస్టర్ యునైటెడ్‌ది. అదే ఏడాది నవంబర్లో లీడ్స్ వాళ్ళు ఎరిక్ కాంటొనాని దాదాపు 12 లక్షల పౌండ్లకి యునైటెడ్‌కే అమ్మారు. ఆ సీజనులోనే యునైటెడ్ లీగు గెలిచింది, ఆ తర్వాత గెలుస్తూనే పోయింది. 1999కల్లా ఒకే సీజనులో మూడు పెద్ద కప్పులు. లీడ్స్ వాళ్ళకి కడుపు రగిలిపోదూ మరి?

అప్పుడు లీడ్స్ చైర్మన్ పీటర్ రిడ్స్‌డేల్. స్వయానా లీడ్స్ అభిమాని. కోచ్ డేవిడ్ ఓలియరీ, జట్టు నిండా కుర్రాళ్ళు. 2000లో లీగులో మూడో స్థానం వచ్చింది, ఛాంపియన్స్ లీగు ఆడే అవకాశం దొరికింది. ఇక ఆగలేదు. రియో ఫెర్డినాండ్‌ని 1 కోటీ 80 లక్షల పౌండ్లు పోసి కొన్నారు. ఒక డిఫెండర్‌కి అప్పటికి ప్రపంచంలో ఎవరూ అంత పెట్టలేదు. 2001లో ఛాంపియన్స్ లీగు సెమీఫైనల్ దాకా వెళ్ళి వాలెన్సియా చేతిలో ఓడారు. బయటనుంచి చూస్తే బ్రహ్మాండం.

లోపల జరిగింది వేరు. రాబోయే 25 ఏళ్ళ టికెట్ల రాబడిని హామీగా పెట్టి 6 కోట్ల పౌండ్ల అప్పు తెచ్చారు. కొందరు ఆటగాళ్ళని కారు లీజుకి తీసుకున్నట్టు లీజు మీద తెచ్చారు. ఏటా ఛాంపియన్స్ లీగు ఆడతాం, ఆ డబ్బుతో తీర్చేస్తాం అన్నది ప్లాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

2001లో వాళ్ళు లీగులో నాలుగో స్థానంలో ఆగారు. అప్పట్లో మొదటి ముగ్గురికే ఛాంపియన్స్ లీగు. మూడో స్థానం లివర్‌పూల్‌కి 69 పాయింట్లు, వీళ్ళకి 68. ఒక్క పాయింటు! మరుసటేడు నాలుగో స్థానానికి కూడా అవకాశం ఇచ్చారు. వీళ్ళు ఐదో స్థానంలో ఆగారు.

తర్వాతంతా చిల్లర కొట్టు దివాలా తీసినట్టే. 2002లో ఫెర్డినాండ్‌ని దాదాపు 3 కోట్ల పౌండ్లకి అమ్మేశారు. ఎవరికనుకున్నారు? మాంచెస్టర్ యునైటెడ్‌కే. ఎవరిలా అవుదామని ఇదంతా చేశారో, చివరికి వాళ్ళకే! ఆ తర్వాత ఏడాదిలోపే వుడ్‌గేట్, ఫౌలర్, క్యూవెల్ ఒక్కొక్కరే బయటికి. 2003లో రిడ్స్‌డేల్ రాజీనామా. 2004లో ప్రీమియర్ లీగు నుంచి కిందకి. అదే ఏడాది సొంత స్టేడియం ఎలండ్ రోడ్ కూడా అమ్మేసి, దాంట్లోనే అద్దెకున్నారు. 2007లో ఇంకో అంచె కిందకి.

రిడ్స్‌డేల్ పేరెత్తితే అక్కడ అందరూ చేపల కథ చెప్తారు. ఆయన ఆఫీసులో అద్దెకి తెచ్చిన బంగారు చేపలుండేవట, ఆ అద్దె కూడా క్లబ్బే కట్టేదట. మా టెస్ట్ మేనేజరుకి ఆ కథంటే చిరాకు. చేపలకయ్యే ఖర్చుతో క్లబ్బు మునగదు, కానీ చేపలు కంటికి కనిపిస్తాయి, అప్పు పత్రం కనిపించదు, అందుకే జనం చేపల్ని గుర్తుపెట్టుకున్నారు అనేవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

ఎందుకంటే లీడ్స్ వాళ్ళు యునైటెడ్‌ని చూసినప్పుడూ కంటికి కనిపించేవే చూశారు. స్టార్లు, కప్పులు, నిండిన స్టేడియం. కనిపించనిది ఏంటంటే, ఫెర్గూసన్ అక్కడికి వచ్చింది 1986 నవంబర్లో. మొదటి లీగు గెలిచింది 1993లో. మధ్యలో 11వ స్థానం, 13వ స్థానం కూడా చూశాడు. 1990లో జనం ఆయన్ని సాగనంపమని గోల చేస్తుంటే యాజమాన్యం ఆగింది. ఆ ఆగిన కాలంలోనే కింద బెకమ్, స్కోల్స్, గిగ్స్, నెవిల్ లాంటి పిల్లలు తయారవుతున్నారు. అది చెక్కు రాసి కొనుక్కొచ్చేది కాదు.

పులిని చూసి నక్క వాత పెట్టుకుంది అంటాం కదా. అసలు విషాదం ఏంటంటే లీడ్స్ నక్కేం కాదు. 1993లో యువజట్ల కప్పు ఫైనల్లో బెకమ్, స్కోల్స్ ఉన్న యునైటెడ్ కుర్రాళ్ళని ఓడించింది లీడ్స్ కుర్రాళ్ళే. 1997లో మళ్ళీ ఆ కప్పు గెలిచారు. క్యూవెల్, వుడ్‌గేట్, రాబిన్సన్, అలన్ స్మిత్ అందరూ సొంత అకాడమీ పిల్లలే. అంటే ఎదుటివాడి దగ్గరున్న అసలు సరుకు వీళ్ళింట్లోనూ ఉంది. ఇంకో ఐదేళ్ళు ఓపిక పట్టే యాజమాన్యమే లేదు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే, ఇంగ్లండులో ఎవడో చేసిన తప్పు మీద తీర్పు చెప్పినట్టుంటుంది. నా సంగతి కూడా చెప్పాలి.

2008 మే నెలాఖర్లో లీడ్స్ వాళ్ళు వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్ ఆడి, డాంకాస్టర్ చేతిలో 1-0తో ఓడారు. ఆ 15 పాయింట్లు కోసెయ్యకపోతే నేరుగా రెండో స్థానంతో పైకి వెళ్ళిపోయేవాళ్ళు. పాత అప్పు అలా కొత్త పిల్లల మెడకి చుట్టుకుంది. టెస్ట్ మేనేజరు ఇంట్లోనే ఆ మ్యాచ్ చూశాను. అయిపోయాక ఆయన చాలాసేపు టీవీ కట్టెయ్యలేదు. ఆ మరుసటి నెలలోనే నేను హైదరాబాదు వచ్చేశాను, ప్రాజెక్ట్ మేనేజరుగా.

అప్పుడు మా కంపెనీ పెద్దలకి ఎదురు బిల్డింగులోని కంపెనీ మీద కన్ను. ఆల్-హ్యాండ్స్ మీటింగులో స్లైడు వేసి చూపించారు: వాళ్ళ హెడ్‌కౌంట్ ఇంత, మనది ఇంత, ఏడాదిలో వాళ్ళని దాటాలి. వాళ్ళకి అంత బెంచ్ ఎలా నిలబడుతోందో, ఎన్నేళ్ళ క్లయింట్లు ఉన్నారో ఆ స్లైడులో లేదు. ఒక అమెరికా క్లయింటుతో పెద్ద కాంట్రాక్టు "పైప్‌లైన్‌లో" ఉంది. సంతకం పడకముందే మనుషుల్ని తీసుకోమన్నారు. లీడ్స్ కథంతా విని వచ్చినవాణ్ణి కదా, నేనేం చేశాను? ఏం చెయ్యలేదు. కొత్త మేనేజర్ని, నాకు పెద్ద టీం వస్తుందంటే లోపల సంతోషంగానే ఉంది. 22 మందిని నేనే ఇంటర్వ్యూ చేసి తీసుకున్నాను.

వాళ్ళలో తణుకు అబ్బాయి ఒకడు. భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు. ఆఫర్ లెటర్ తీసుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అక్కడ ఉద్యోగం మానేసి రావాలి సార్. ప్రాజెక్టు ఖాయమేనా?" అన్నాడు.

"ఖాయమే" అన్నాను.

సెప్టెంబర్లో లేమన్ బ్రదర్స్ కూలింది. మా కాంట్రాక్టు ముందు వాయిదా అన్నారు, తర్వాత ఆ మాట కూడా మానేశారు. 2009 ఫిబ్రవరిలో, ఊరంతా సత్యం గురించే మాట్లాడుకుంటున్న రోజుల్లో, మా హెచ్చార్ నుంచి ఒక ఎక్సెల్ షీటు వచ్చింది. 22 పేర్లు, ఎదురుగా ఒక ఖాళీ గడి. 14 మందికి గుర్తు పెట్టమన్నారు. పెట్టాను. ఆఖర్న చేరినవాళ్ళు ముందు అన్నది రూలు కాబట్టి తణుకు అబ్బాయి పేరుకీ పెట్టాను.

ఆరోజు వాడేం గొడవ చెయ్యలేదు. ఐడీ కార్డు నా టేబుల్ మీద పెట్టి "ఖాయమన్నారు కదా సార్" అని మాత్రం అన్నాడు. స్లైడు వేసిన పెద్దలెవరూ ఆ గదిలో లేరు. వాళ్ళ పేర్లు ఆ షీటులోనూ లేవు.

ఒక్క పాయింటు వచ్చుంటే రిడ్స్‌డేల్‌ని ఆ ఊళ్ళో అందరూ మేధావి అనేవాళ్ళేమో. మా కాంట్రాక్టు మీద సంతకం పడుంటే మా వైస్ ప్రెసిడెంటునీ అనేవాళ్ళం. ఎదగాలనుకోవడం తప్పని నేనను. కానీ ఆ ఒక్క పాయింటు రాకపోతే ఎలా, అప్పుడు ఎవరు కడతారు అని సంతకం పెట్టకముందు అడగడానికే మేనేజ్‌మెంటుకి జీతం ఇచ్చేది. కలలు కనడానికి అభిమానులు చాలు. రిడ్స్‌డేల్ అభిమానిగా ఉండి చైర్మన్ కుర్చీలో కూర్చున్నాడు. నేను పెద్ద టీం మీద ఆశతో మేనేజరు కుర్చీలో కూర్చున్నాను.

2010 జనవరి 3, ఆదివారం. ఇంకా మూడో అంచెలోనే ఉన్న లీడ్స్, ఎఫ్ఏ కప్పులో మాంచెస్టర్ యునైటెడ్‌ని వాళ్ళ సొంత మైదానంలోనే 1-0తో కొట్టింది. బంతి అందించింది లీడ్స్ అకాడమీలో పెరిగిన హౌసన్. గోలు కొట్టిన బెక్‌ఫర్డ్, వెల్డ్‌స్టోన్ అనే చిన్న క్లబ్బులో ఆడుతూ పొట్టకోసం కార్ల అద్దాలు బిగించే పని చేసినవాడు. కోట్లు పోసినప్పుడు తలెత్తుకోలేకపోయిన చోట, చేతిలో డబ్బుల్లేనప్పుడు గెలిచారు. ఆ రాత్రి టెస్ట్ మేనేజరు నుంచి మెయిలొచ్చింది. సబ్జెక్ట్ లైనులో స్కోరు, లోపల ఏం లేదు. వాళ్ళు మళ్ళీ ప్రీమియర్ లీగుకి చేరింది 2020లో, బియెల్సా కోచ్‌గా. అంతకు రెండేళ్ళ ముందు రెండో అంచెలో 13వ స్థానంలో ఉన్న జట్టునే ఎక్కువమందిని మార్చకుండా ఆయన తీర్చిదిద్దాడు. పదహారేళ్ళు పట్టింది.

ఇదంతా మదనపల్లె కుర్రాడికి చెప్పాను. "అయితే బెరాడాని తెచ్చుకోవడం వేస్ట్ అంటావా అన్నా?" అన్నాడు. వేస్టని కాదు, మనిషి వస్తాడు గానీ వాడి వెనకున్న పదేళ్ళు రావు, ఆ పదేళ్ళు ఇక్కడ ఇస్తారా లేదా అన్నదే ప్రశ్న అన్నాను. వాడికి నచ్చలేదు. ఓడిన సోమవారాలు ఇంకో పదేళ్ళు ఎవడు భరిస్తాడు?

ఈ వారం మా ఆఫీసులో కొత్త స్లైడు వేశారు. పోటీ కంపెనీవాళ్ళు ఏఐ టీం ఎంత పెద్దది పెట్టారో అందులో ఉంది. వచ్చే ఏడాదికి నాకు ఎంతమంది కావాలో శుక్రవారంలోగా పంపమన్నారు. చేతిలో సంతకమైన పని ఆరుగురికి సరిపోతుంది. షీటులో 40 అని ముందే నింపి పంపారు.

దాన్ని 6 చేసి, పక్కన ఇంకో గడి కలిపాను: "కాంట్రాక్టు రాకపోతే ఈ మనుషుల్ని ఎక్కడ పెడతారు?" దానికి ఇంకా జవాబు రాలేదు. తణుకు అబ్బాయికి మళ్ళీ ఉద్యోగం దొరకడానికి ఏడాది పట్టిందని తర్వాత ఎవరో చెప్పారు. నేను మాత్రం ఇప్పటిదాకా ఫోన్ చెయ్యలేదు.