లక్షమంది చూస్తుండగా... ఒక్క క్యాచ్!

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అని ఓ ఊరుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 1,23,851. ఆ ఊళ్లోని ఫుట్‌బాల్ స్టేడియంలో సీట్లు 1,07,601. అంటే, చంటిపిల్లల్నీ మంచం దిగలేని ముసలివాళ్లనీ పక్కన పెడితే, ఇంచుమించు ఊరంతటికీ సీటు దొరుకుతుందన్నమాట! పోనీ అది ఏ దేశపు జాతీయ జట్టుదో, కోట్లు పోసి ఆటగాళ్లను కొనుక్కునే క్లబ్బుదో అనుకుంటే పొరపాటే. కాలేజీ కుర్రాళ్లు ఆడే మైదానం అది. మిషిగన్ విశ్వవిద్యాలయానిది.

డెట్రాయిట్ నుంచి కారులో ముప్పావు గంట ప్రయాణం. కార్ల కంపెనీల పుణ్యమా అని ఆ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్ లాంటి ఊళ్లలో మనవాళ్లు బాగానే స్థిరపడ్డారు. పిల్లల్ని చూడ్డానికి వెళ్లి ఆరు నెలలు ఉండొచ్చే అమ్మానాన్నలకు నోవైలోని వెంకటేశ్వరస్వామి గుడి సొంత ఊరి గుడిలాగే అలవాటైపోతుంది. ఆన్ ఆర్బర్‌కైతే చదువుల కోసం వెళ్లే తెలుగు పిల్లలు ఏటా ఉంటూనే ఉంటారు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మాత్రం, ఆట ఉన్న శనివారం నాడు ఆ ఊళ్లో పని పెట్టుకోకండి. మెయిన్ స్ట్రీట్ పొడవునా ముదురు నీలం, మొక్కజొన్న గింజ రంగు చొక్కాలే. విశ్వవిద్యాలయం రంగులవి. తెల్లారగానే కార్ల డిక్కీలు తెరిచి, పొయ్యిలు వెలిగించి, గడ్డి మీద కుర్చీలేసుకుని కూర్చుంటారు. పక్కన గోల్ఫ్ మైదానం కూడా ఆ రోజు కార్లతో నిండిపోతుంది. మన తిరునాళ్లలో బండ్లు విప్పి, చెట్టుకింద వంటలు చేసుకుంటారే... అచ్చం అదే!

స్టేడియాన్ని రోడ్డు మీంచి చూస్తే ‘ఇదేనా?’ అనిపిస్తుంది. లక్షమంది పట్టేదంటే కొండంత ఎత్తుండాలి కదా! దాని కిటుకు భూమిలో ఉంది. 1927లో కట్టినప్పుడు పెద్ద గొయ్యి తవ్వి, దాని ఒడ్డుల మీద మెట్లు పరిచారు. లోపలికెళ్లి మొదటి మెట్టు మీద నిలబడితేగానీ ఆ లోతు తెలియదు. పెద్ద దిగుడుబావిలోకి తొంగిచూసినట్టుంటుంది. తవ్వుతున్నప్పుడు అడుగున నీటి ఊటలు పడ్డాయనీ, ఓ క్రేను ఆ బురదలో కూరుకుపోయి ఇప్పటికీ మైదానం కిందే ఉందనీ స్థానికులు చెప్పుకుంటారు. క్రేను సంగతేమోగానీ ఊటలు మాత్రం నిజమే. మొదట్లో 72 వేల సీట్లతో మొదలై పెరుగుతూ వచ్చింది. 2013 సెప్టెంబరు 7న నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంతో ఆట జరిగినప్పుడు 1,15,109 మంది వచ్చారు.

ఆ గొయ్యి అడుగున, మైదానం చివర, మిగతావాళ్లకు దూరంగా ఒక్కడే నిలబడి ఉండే కుర్రాడి గురించే ఈ కథంతా. వాణ్ని పంట్ రిటర్నర్ అంటారు.

పంట్ అంటే మన గోదావరి రేవులో కార్లు దాటించే పంటు కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు ఇస్తారు. మూడింటిలో పని కాలేదనుకోండి, నాలుగోది వృథా చేసుకోకుండా బంతిని ఎంత దూరం వీలైతే అంత దూరం అవతలివాళ్ల వైపు తన్నేస్తారు. అదీ పంట్. జనంలో సగంమంది తినడానికి ఏదైనా తెచ్చుకుందామని లేచేది సరిగ్గా అప్పుడే. తన్నిన బంతి నలభై, నలభై అయిదు గజాల దూరం వెళ్తుంది. గాల్లో నాలుగు సెకన్లకు పైనే ఉంటుంది. దాన్ని పట్టుకోవాల్సింది ఆ ఒక్కడు.

క్యాచ్ పట్టడం ఏమంత గొప్ప అంటారా? 1983 ప్రపంచకప్ ఫైనల్లో కపిల్‌దేవ్ వెనక్కి పరుగెత్తి వివ్ రిచర్డ్స్ క్యాచ్ పట్టుకున్నాడు, గుర్తుందా? కపిల్ కళ్లు బంతి మీదే ఉన్నాయి. ఇప్పుడు అదే క్షణంలో పదిమంది వస్తాదులు, శిరస్త్రాణాలతో, కపిల్‌ను నేలకు కరిపించడానికి ఎదురుగా పరుగెత్తుకొస్తున్నారని ఊహించుకోండి. పట్టేదాకా ముట్టుకోకూడదు. పట్టిన మరుక్షణం కుమ్మేయవచ్చు. ప్రొఫెషనల్ ఆటలోనైతే బంతి తన్నేదాకా చివర నిలబడ్డ ఇద్దరే ముందుకు పరుగెత్తాలి. కాలేజీ నిబంధనల్లో ఆ అడ్డు కూడా లేదు. అందరూ ఒక్కసారే బయల్దేరవచ్చు. పైగా ఆ బంతి గుండ్రంగా ఉండదు. ఒలవని కొబ్బరికాయలా రెండు కొసలూ తేలి ఉంటుంది. నేల తాకిందంటే ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. కుడికాలితో తన్నితే ఒకవైపు తిరుగుతుంది, ఎడమకాలితో తన్నితే రెండోవైపు. ఈమధ్య చాలా కాలేజీ జట్లు ఆస్ట్రేలియా నుంచి తన్నేవాళ్లను తెచ్చుకుంటున్నాయి. వాళ్లు తమ దేశపు ఫుట్‌బాల్లో అలవాటైన పద్ధతిలో పక్కకు పరుగెడుతూ తంతారు. ఆ బంతి బిళ్లంగోడులో బిళ్లలా పల్టీలు కొడుతూ వస్తుంది.

జారవిడిస్తే దాన్ని ‘మఫ్’ అంటారు. అప్పుడు ఎవరి చేతికి దొరికితే బంతి వాళ్లదే. అంటే, అవతలివాళ్లు ఇక మావల్ల కాదని తన్నేసిన బంతిని మనమే పళ్లెంలో పెట్టి తిరిగి ఇచ్చినట్టు. అందుకే ప్రమాదం అనిపిస్తే చెయ్యి పైకెత్తి ఊపే వీలుంది. అలా ఊపితే వాణ్నెవరూ తాకకూడదు, వాడూ పరుగెత్తకూడదు. మరో సూత్రం కూడా ఉంది. ‘పది గజాల గీత మీద మడమలు పెట్టి నిలబడు. బంతి తలమీదుగా వెనక్కి పోతుంటే ముట్టుకోకు.’ అది దొర్లుకుంటూ చివరి గీత దాటితే మనకు ఇరవై గజాల గీత దగ్గర ఇస్తారు. వదిలేయడమే లాభం. వినడానికి ఎంత సులువు!

మరి ఈ ఒక్కణ్ని ఎలా ఎంచుకోవాలి? ప్రతి వేసవిలోనూ ప్రతి కోచ్‌కీ ఇదే తలనొప్పి. జట్టులో మెరుపులాంటి వాళ్లు ఉంటారు. పట్టుకున్నారంటే సందుల్లోంచి జారిపోయి ఆటనే తిప్పేస్తారు. కానీ పదిలో ఒకటి జారవిడుస్తారు. మరో రకంవాళ్లు పదికి పదీ పట్టుకుంటారు, పది గజాలు కూడా పరుగెత్తరు. జట్టులోని పెద్ద హీరోను పెడదామంటే దెబ్బ తగిలితే మొత్తం సీజనే పోతుంది. అందుకని సాధనలో నానా పరీక్షలూ పెడతారు. యంత్రంతో బంతులు ఆకాశంలోకి విసురుతారు. ఓ చంకలో ఒక బంతి, రెండో చంకలో మరొకటి ఇరికించుకుని మూడోదాన్ని పట్టమంటారు. నెత్తిన ఒకటి, చంకన ఒకటి బిందెలు పెట్టుకుని గట్టెక్కే మన అక్కచెల్లెళ్లకు ఇదేం పెద్ద విషయం కాదనుకోండి! పట్టబోతున్న సమయంలో ఒకడు పక్కనుంచి దిండుతో బాదుతాడు. ఇన్ని చేసినా లక్షమంది అరుపుల మధ్య కుర్రాడి చేతులు ఎలా ఉంటాయో ఏ యంత్రమూ చెప్పలేదు.

ఈ ఊరికి మెరుపుల రుచి బాగా తెలుసు. 1991 నవంబరు 23న ఇదే మైదానంలో డెస్మండ్ హోవార్డ్ 93 గజాలు పరుగెత్తి చివరి గీత దాటాడు. అక్కడ ఒంటికాలి మీద నిలబడి, చెయ్యి చాచి, హైస్మన్ ట్రోఫీ మీదుండే బొమ్మలా పోజిచ్చాడు. దేశంలోని అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే బహుమతి అది. ఆ ఏడాది అతనికే వచ్చింది! 1997 నవంబరు 22న చార్లెస్ వుడ్సన్ 78 గజాలు పరుగెత్తాడు. అతను రక్షణ విభాగం ఆటగాడు. ఆ విభాగం నుంచి హైస్మన్ అందుకున్న మొదటివాడు అతనే. ఇద్దరూ ఓడించింది పక్క రాష్ట్రపు ఒహాయో స్టేట్‌ను. ఇద్దరూ పుట్టి పెరిగింది ఆ ఒహాయోలోనే! ఆ రాష్ట్రంవాళ్ల కడుపుమంట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆ రుచి మరిగిన జనానికి, చెయ్యి ఊపి బంతి పట్టుకుని మోకాలి మీద కూర్చునేవాడు ఏమాత్రం ఆనతాడు? నేను వెళ్లిన శనివారం చలిగాలి ఈడ్చి కొడుతోంది. మా మేనల్లుడు అక్కడే చదువుతున్నాడు. బంతి పైకి లేచింది. రిటర్నర్ చెయ్యి ఊపాడు, పట్టుకున్నాడు. అంతే. మా చుట్టూ పెద్దగా చప్పుడే లేదు. ముందు వరసలో ఓ పెద్దాయన మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

‘‘ఒరేయ్, ఏం చేశాడని?’’ అన్నాను.

‘‘జారవిడవలేదు మావయ్యా! ఆయన 2023 సీజన్ చూసుంటాడు’’ అన్నాడు వాడు.

ఆ సీజన్ కథ చెప్పాల్సిందే. అప్పుడు మిషిగన్ కోచ్ జిమ్ హార్బా. పంట్‌ల విభాగం చూసేది ఆయన కొడుకు జే హార్బా. రిటర్నర్‌గా జేక్ థా అనే సీనియర్ ఉండేవాడు. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరిన కుర్రాడు. మెరుపు కాదు, నమ్మకం. మరోవైపు సెమాజ్ మోర్గాన్ అని మొదటి సంవత్సరం పిల్లాడు, పాదరసంలాంటివాడు. డిసెంబరు 2న ఇండియానాపొలిస్‌లో అయోవాతో బిగ్ టెన్ ఫైనల్. మోర్గాన్ పంట్ పట్టుకుని ఏకంగా 87 గజాలు పరుగెత్తాడు. మిషిగన్ 26-0తో గెలిచింది. ఇంకేం, రిటర్నర్ దొరికేశాడనుకున్నారు.

సరిగ్గా నెల తిరిగింది. 2024 జనవరి 1. కాలిఫోర్నియాలోని పాసడీనాలో రోజ్ బౌల్, జాతీయ సెమీఫైనల్. ఎదురుగా అలబామా. ఆట మొదట్లోనే అలబామా తరఫున ఆస్ట్రేలియా కుర్రాడు జేమ్స్ బర్నిప్ పంట్ కొట్టాడు. మోర్గాన్ జారవిడిచాడు. బంతి అలబామాకు దొరికింది. కాసేపట్లోనే టచ్‌డౌన్! తర్వాత థాను దించారు. నమ్మకస్తుడు కదా. ఆట 20-20 దగ్గర ఆగింది. గడియారంలో నిమిషం కూడా లేదు. బర్నిప్ మళ్లీ తన్నాడు. బంతి మిషిగన్ చివరి గీతకు అతి దగ్గరగా దిగుతోంది. పది గజాల సూత్రం ప్రకారం వదిలేయాలి. థా వదల్లేదు, చేతులు చాచాడు. బంతి జారింది. వెనక్కి దొర్లింది. అతను దాని వెంటపడి, ఒక గజం గీత దగ్గర కావలించుకున్నాడు. మీద అలబామావాళ్లు కుప్పగా పడ్డారు. ఇంకొక్క గజం వెనక్కి జరిగుంటే అలబామాకు రెండు పాయింట్లు, సీజన్ అక్కడితో సరి.

అదృష్టం బాగుంది. అదనపు సమయంలో మిషిగన్ 27-20తో గెలిచింది. వారం తర్వాత జనవరి 8న వాషింగ్టన్‌ను 34-13తో ఓడించి జాతీయ చాంపియన్ అయింది. సీజన్లో పదిహేను ఆటలూ నెగ్గింది. బంతి ఒక్క గజం అటో ఇటో దొర్లి ఉంటే కోచ్ ఎంపికను తిట్టనివాళ్లు ఉండేవారా? నన్నడిగితే హార్బాల ఎంపికలో తప్పేమీ లేదు. మెరుపును పెట్టినా జారింది, నమ్మకాన్ని పెట్టినా జారింది. అయితే జారిన బంతి మీద ప్రాణాలొడ్డి దూకడం నమ్మకస్తుడికి తెలిసిన పని. సాధనలో మార్కులు వేయాల్సింది దానికి కూడానేమో.

ఇంకోమాట. తన్నేవాడికీ ఈ గండం తప్పదు. 2015 అక్టోబరు 17న ఇదే స్టేడియంలో మిషిగన్ రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. మిగిలింది పది సెకన్లు. తన్నాల్సిన బ్లేక్ ఓనీల్ చేతుల్లోంచి బంతి జారింది. మిషిగన్ స్టేట్ కుర్రాడు జేలెన్ వాట్స్-జాక్సన్ దాన్ని అందుకుని గీత దాటాడు. 27-23. గెలిపించిన ఆ పరుగులోనే అతని తుంటి ఎముక దెబ్బతింది. పంట్ సమయంలో తినుబండారాలకు లేచి వెళ్లినవాళ్లు ఆ రోజు ఏం పోగొట్టుకున్నారో ఊహించుకోవచ్చు.

ఆటగాళ్ల పరిస్థితీ మారింది. 2021 నుంచి ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా డబ్బులివ్వవచ్చు. ఆకాశంలోంచి పడే బంతి మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

మీరు అటువైపు వెళ్తే ఊరు కూడా చూడండి. హ్యూరాన్ నది ఒడ్డున నికల్స్ వనంలో అక్టోబరులో ఆకులు ఎరుపెక్కి ఉంటాయి. విశ్వవిద్యాలయం లా కాలేజీ భవనాలు పాతకాలపు కోటలా ఉంటాయి. కెర్రీటౌన్ సందుల్లో 1982 నుంచీ ఉన్న జింగర్‌మన్స్ అంగడి దగ్గర శాండ్‌విచ్‌ల కోసం వరస కడతారు. ధరలు కాస్త గట్టివే, శాకాహారులకూ దొరుకుతాయి. స్టేడియానికి మాత్రం దుప్పటిలాంటి కోటు లేకుండా వెళ్లకండి. సీట్లంటే బల్లలే, ఇరుక్కుని కూర్చోవాలి.

టికెట్టు దొరికితే ఆట మొదలవడానికి గంటన్నర ముందే లోపలికి వెళ్లండి. బల్లలన్నీ ఖాళీగా ఉంటాయి. ముందుగా మైదానంలోకి వచ్చేది తన్నేవాళ్లు, వాళ్ల బంతులు పట్టేవాళ్లే. ఒక చివర నుంచి ‘ధబ్’మని చప్పుడు వినిపిస్తుంది. బంతి లేస్తుంది. రెండో చివర ముగ్గురో నలుగురో కుర్రాళ్లు వరసగా నిలబడి ఉంటారు. ఒకడు పట్టుకుని బంతిని పక్కకు విసిరేస్తాడు. వరస చివరికి వెళ్లి మళ్లీ నిలబడతాడు.