మొండితనమనుకున్నాం

మాకిద్దరు బిడ్డలు. పెద్దమ్మాయి ఏది పెట్టినా తినేది. అందుచేత పిల్లల పెంపకం మాకు బాగా తెలుసనుకున్నాం. చిన్నవాడు పుట్టాక ఆ గర్వం అణిగిపోయింది.

వాడికి మూడేళ్లు వచ్చేసరికి భోజనాల వేళ అంటేనే ఇంట్లో దిగులు పట్టుకునేది. పప్పన్నం ముద్ద నోటి దగ్గరకు తెస్తే ఓకరించేవాడు. పెరుగన్నం వేళ్లకు అంటుకుంటే చెయ్యి దులుపుకుంటూ ఏడ్చేవాడు. తిరగమోత వేస్తే ముక్కు మూసుకుని వీధిలోకి పరుగెత్తేవాడు. వాడు తినేవి నాలుగే: అప్పడం, మరమరాలు, బిస్కెట్లు, ఏమీ కలపని పొడి అన్నం.

భోజనం ఒక్కటే కాదు. చొక్కా మెడ వెనుక లేబులు గుచ్చుకుంటోందని విప్పి పారేసేవాడు. తలకు నూనె రాసినా, గోళ్లు తీసినా ఎవరో కొట్టినట్టు కేకలు వేసేవాడు. మందిరంలో మైకు పెట్టి డోలక్ వాయించగానే రెండు చెవులూ మూసుకుని వాళ్లమ్మ ఒడిలో తల దాచుకునేవాడు. ప్రేమ విందులో అందరి పిల్లలూ బంతిలో కూర్చుని తింటుంటే, మేము వాడిని ఎత్తుకుని వెనుక దారిన ఇంటికి వచ్చేసేవాళ్లం.

“గారాబంతో చెడగొట్టారు” అన్నారు బంధువులు. “రెండు రోజులు పస్తుంచండి, ఆకలేస్తే వాడే తింటాడు” అన్నారు ఇరుగుపొరుగువారు. మేమూ అది మొండితనమే అనుకున్నాం.

ఒకనాటి రాత్రి మాలో ఒకరం వాడి చేతులు పట్టుకున్నాం, ఒకరం ముద్ద నోట్లో కుక్కాం. వాడు తిన్నదంతా కక్కేశాడు. మరునాడు కంచం చప్పుడు వినగానే మంచం కిందికి దూరాడు. అప్పటినుండి పొడి అన్నం కూడా మానేశాడు. నాలుగు రకాలు మూడయ్యాయి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా మరో ఇంట్లో ఇలా జరగకూడదని రాస్తున్నాం.

అంగన్‌వాడీలో తూకం వేసి, బరువు పెరగడం లేదని టీచరమ్మ చెప్పింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. ఆ బృందమే మమ్మల్ని జిల్లా ఆసుపత్రిలోని పిల్లల కేంద్రానికి పంపింది. అక్కడ డాక్టరుగారు మొదట గొంతు, పళ్లు, చెవులు చూశారు, రక్తం పరీక్ష చేయించారు, మలబద్ధకం ఉందేమో అడిగారు. తరువాత ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరకు పంపారు.

ఆమె ఓపికగా చెప్పింది. కొందరు పిల్లలకు స్పర్శ, వాసన, శబ్దం, రుచి మనకంటే ఎంతో గట్టిగా తగులుతాయి. అమెరికాలో జీన్ ఏర్స్ అనే థెరపిస్టు ఈ విషయమై 1972లోనే పుస్తకం రాశారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, లేని పిల్లల్లోనూ ఉండవచ్చు. “మనకు మెత్తగా ఉండే పప్పన్నం మీవాడికి నోట్లో బురద పెట్టినట్టుంటుందండీ. వాడు మిమ్మల్ని ఎదిరించడం లేదు, భయపడుతున్నాడు” అంది. ఆ మాటకు మా ఇద్దరికీ కన్నీళ్లు ఆగలేదు.

ఆనాటి నుండి బలవంతం మానేశాం. ఏమి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మేము చూసుకుంటాం. ఎంత తినాలో వాడి ఇష్టం. వేళకే భోజనం, మధ్యలో బిస్కెట్లు లేవు. గళ్ల కంచంలో దేనికది విడిగా పెడతాం. వాడు తినేది ఒకటి తప్పకుండా ఉంటుంది, పక్కన కొత్తది గోరంత. దాన్ని చూసినా చాలు, వాసన చూసినా చాలు, నాలుకకు తాకించినా చాలు. ఒక కొత్త వంటకం అలవాటు కావడానికి పది పదిహేనుసార్లు పెట్టవలసి రావచ్చని ఆమె ముందే చెప్పింది. చెయ్యి తుడుచుకోవడానికి తడిగుడ్డ దగ్గరుంచుతాం. ఆటల్లో మొదట పొడి బియ్యం, తరువాత చపాతీ పిండి, ఆ తరువాత తడిమట్టి ముట్టించాం. చొక్కాల లేబుళ్లు కత్తిరించేశాం. గోళ్లు స్నానం చేయించాక, ముందు వేళ్లు గట్టిగా అదిమి తీస్తాం. మందిరంలో స్పీకరుకు దూరంగా, గుమ్మం దగ్గర కూర్చుంటాం.

ఫలితం ఒక్క రోజులో రాలేదు. వారాల తరబడి కొత్త ముక్క కంచంలో అలాగే మిగిలిపోయేది. ఇప్పుడు వాడికి ఆరేళ్లు. పొడి అన్నం మళ్లీ తింటున్నాడు. కరకరలాడే దోసె, కోడిగుడ్డు తెల్లసొన, వేయించిన బెండకాయ తింటున్నాడు. పెరుగన్నం మాత్రం ఇప్పటికీ ముట్టడు. పోనీలే అనుకుంటున్నాం.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ బరువు పెరగకపోయినా, తినే రకాలు తగ్గిపోతున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. కొట్టకండి, పస్తుంచకండి.

పోయిన క్రిస్మస్ విందుకు వాడు తన గళ్ల కంచం తానే పట్టుకుని బంతిలో కూర్చున్నాడు. వడ్డించే పెద్దాయన పప్పు గరిట ఎత్తగానే మా గుండెలు దడదడలాడాయి. వాడు ఏడవలేదు. తలెత్తి, “పప్పు ఆ గడిలో పెట్టండి తాతగారూ, అన్నంలో వద్దు” అన్నాడు. ఆయన నవ్వి అలాగే పెట్టారు. ఆ రోజు మేము వెనుక దారిన వెళ్లలేదు.