నిప్పు దగ్గరి కూలి

వరంగల్ నుంచి ఖమ్మం పోయే దారిలో వర్ధన్నపేటలో, ఓ కుటుంబం నడుపుకుంటున్న బార్బెక్యూ కొట్టుకు వెళ్లాను. ఇనుప పొయ్యి, నాలుగు బల్లలు, వెనక చిన్న గది. పొయ్యి దగ్గర తండ్రి, మసాలా దగ్గర తల్లి, గిరాకీల దగ్గర కొడుకు. పేరు కొత్తదే గానీ, మాంసం ఒరుగులు ఎండబెట్టి నిప్పుల మీద కాల్చుకు తినే ఈ ప్రాంతానికి ఆ రుచి కొత్తది కాదు. ఇలాంటి చోట అందరూ మసాలా రహస్యం అడుగుతారు. అల్లం, ఎల్లిగడ్డ, కారం, పసుపు, పెరుగు ప్రతి ఇంట్లోనూ ఉన్నవే. ఇక్కడి రుచికి అసలు కారణం నిప్పు మీంచి కన్ను తిప్పని మనిషి అని నా అభిప్రాయం.

బొగ్గులు రాజుకోగానే సీకులు పెట్టరు. మంట అణిగి, నిప్పుల మీద తెల్లగా నివురు పట్టేదాకా ఆగుతారు. తొందరపడితే పైన మాడి, ఎముక దగ్గర పచ్చిగానే ఉండిపోతుంది. లెగ్ పీసుకు లోతుగా గాట్లు పెట్టేదీ అందుకే. ఉప్పూ కారంతోపాటు వేడీ లోపలికి దిగుతుంది. కొవ్వు బొట్టు పడి నిప్పు భగ్గుమన్నప్పుడల్లా సీకును పక్కకు జరపాలి, నివురు మందమైతే విసనకర్ర అందుకోవాలి. కోడిమాంసం లోపల 74 డిగ్రీల వేడి చేరాలంటారు ఆహార భద్రతా నిపుణులు. అనుభవమున్న కంటికి తోడు చిన్న థర్మామీటరు కూడా ఉంటే మంచిదే. జీతానికి వచ్చినవాళ్లూ ఈ పని నేర్చుకోగలరు. కాకపోతే సొంత కొట్టులో తొందరపెట్టే యజమాని వేరే ఉండడు.

కాల్చిన మాంసం ఆరోగ్యానికి చేటు కదా అంటారు. మాడిన నలుపులోనూ, కొవ్వు కాలి లేచే పొగలోనూ క్యాన్సర్ కారకాలున్న మాట నిజం. ఆ మాడును తగ్గించేది కూడా పైన చెప్పిన జాగ్రత్తే. తినేవాళ్లకన్నా రోజూ ఆ పొగ పీల్చేవాళ్లకే ఎక్కువ ముప్పు. పొయ్యి మీద పొగగొట్టం తప్పనిసరిగా ఉండాలి.

ఇంకో అభ్యంతరం బరువైనది: ఇంటివాళ్లకు కూలి లెక్కకట్టరు కాబట్టే ఇలాంటి కొట్లు గిట్టుబాటవుతున్నాయని. దీన్ని తోసిపుచ్చలేం. పొద్దున్నే మాంసం కడిగి, మసాలా నూరి, రాత్రి గిన్నెలు తోమే ఇల్లాలి పని చాలా కొట్ల ఖాతాల్లో ఎక్కడా కనబడదు. ఆ శ్రమ కూడా రుచికి మూలమేనని ఒప్పుకుంటే దానికి వెల కట్టక తప్పదు. ఇలాంటి కొట్లు నడిపేవాళ్లు బొగ్గు, మాంసం ఖర్చుల పక్కనే ఆమె కూలి కూడా రాసి ధర నిర్ణయించాలి. అందుకు ప్లేటుకు పదో ఇరవయ్యో పెరిగితే, తినేవాళ్లం బేరమాడకుండా ఇద్దాం.