పరంగిసాంబ్రాణి పుట్టినిల్లు

యాత్ర యనగానే మన యాడువారి మనస్సు కాశీరామేశ్వరములకో, తిరుమలకో పోవును. సముద్రము దాటి అరబ్బుదేశమును చూడబోవుట మన వాడుకలో లేదు. కాని మన రాయలసీమలో అరబ్బుదేశము పేరు వినని గ్రామము నేడు లేదు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతములందు ఎన్నియో యిండ్లనుండి ఎవరో యొకరు కువైటులోనో, దుబాయిలోనో, మస్కటులోనో ఉన్నారు. అచ్చటినుండి వచ్చు సొమ్మును మన మెఱుగుదుము. వారు తెచ్చు పెట్టెలను, అత్తరుబుడ్లను ఎఱుగుదుము. ఆ దేశమెట్టిదో, అందు మనవారు ఎట్లు కాలము పుచ్చుచున్నారో మాత్రము ఎఱుగము. నేను పది దినములుండి చూచి వచ్చిన యొక పట్టణమును గూర్చి సోదరీమణులకు విన్నవింప దలచితిని.

మాది అహోబిలము. మొదట కర్నూలు జిల్లాలో నుండి 2022వ సంవత్సరమున నంద్యాల జిల్లాలో చేరిన నవనారసింహ క్షేత్రము. మావారు ఉపాధ్యాయులు. మా మరిది ఓమానుదేశపు దక్షిణతీరమున నున్న సలాలా రేవులో పనిచేయుచున్నాడు. నాలుగేండ్లక్రిందట మా తోడికోడలును అచ్చటనే యొక వైద్యశాలలో దాదిగా చేరినది. వారి కూతురప్పటికి మూడేండ్ల పసికూన. ఆమెను మాయొద్ద విడిచి పోయిరి. నాకు కుమారు డొక్కడే. ఆడపిల్ల లేని లోటు ఆ బిడ్డ తీర్చినది. "పెద్దమ్మా" యని పిలుచుచు నా కొంగు పట్టుకొనియే పెరిగినది. నాయొద్దనే అక్షరములు దిద్దినది. తుదకు మా మరిదికి కుటుంబముతో నుండుటకు ఇల్లు కుదిరినది. పిల్లను తీసికొని రండని 2024 ఆగస్టునకు టిక్కెట్టులు పంపినాడు. మా అత్తగారికి మనసొప్పలేదు. "చూచి రండి. బిడ్డకు ఆ నీరు సరిపడకపోతే మరల మనింటికే పిలుచుకొని రండి" అని చెప్పి పంపిరి. నా మనస్సులోని కోరికయు నదియే.

ప్రవరునికి పాదలేపమిచ్చిన సిద్ధునివలె విమానము మమ్ము హైదరాబాదునుండి మస్కటునకును, అందుండి సలాలాకును చేర్చినది. ఇసుకదిబ్బలును, వడగాడ్పులును చూతుమని తలచిన మాకు పొగమంచు ఎదురు వచ్చినది. సన్నని తుంపర, పచ్చని కొండలు, శాలువ కప్పుకొనవలసిన చలి. మస్కటులో ఎండ నలుబది డిగ్రీలుండగా సలాలాలో ఇరువదియైదు కూడ దాటలేదు. ఈ ఋతువును వారు "ఖరీఫ్" అందురు. మన రైతులు ఖరీఫు పంట యను మాట యిదియే. జూను 21 మొదలు సెప్టెంబరు 21 వరకు దీని కాలము.

దీని కారణమును మావారు విచారించి తెలిసికొని నాకు చెప్పిరి. మనకు వానలు తెచ్చు నైరృతిపవనములే ఆ తీరమును ఒరసికొని వీచును. ఆ గాలికి పైనీరు తొలగి సముద్రగర్భమునందలి చల్లని నీరు పైకి వచ్చును. ఆ నీటిమీదుగ వచ్చిన తేమగాలి చల్లబడి మంచగును. పట్టణము వెనుకనున్న కొండలు ఆ మంచును అడ్డగించును. కొండల కావలివైపున మరల ఎడారియే. సలాలాలో ఏడాది మొత్తమునకు కురియు వాన మన కర్నూలు సీమ వానలో నాలుగవ వంతు కూడ ఉండదు. ఐనను ఆ కొండ లేల పచ్చగా నున్నవి? చెట్ల యాకులు పోవుచున్న మంచును పట్టి బొట్లుగా నేలకు విడుచుచున్నవి. చెట్టున్న చోట తడి, చెట్టు నఱకిన చోట మంచు తలమీదుగ పోవుటయే కాని నేలకు దిగదు. ఆ వనములందు విశేషముగ నుండునది మన నల్లమల చిరుమానుకు దాయాది యైన చెట్టు. ఒంటెలు, మేకలు మితిమీఱి మేయుటచే ఆ యడవి తఱుగుచున్నదని అచ్చటి పెద్దలు విచారపడుచున్నారు. నీటికై బిందెలతో వరుసగట్టి నిలిచి పెరిగిన నాకు, ఆకు చివరనుండి రాలు బొట్టును చూచుచుండిన ప్రొద్దు తెలియలేదు.

ఊరిలో కొబ్బరితోటలు, అరటితోటలు, బొప్పాయి చెట్లు. బాట ప్రక్కన పాకలలో బొండాములు కొట్టి యిచ్చుచుండగా కోనసీమలో నున్నామా యని భ్రమ కలిగినది. పదునాలుగవ శతాబ్దమున ఇక్కడికి వచ్చిన ఇబ్న్ బటూటా అను యాత్రికుడును తమలపాకును, కొబ్బరికాయను చూచి హిందూదేశమును తలచుకొనెను. పశువులకు ఎండుచేపలు మేతగా వేయుదురని కూడ ఆయన వ్రాసెను. నేటికిని ఒంటెలకు ఎండిన కవళ్లు పెట్టుచున్నారని విని మా చిన్నది నవ్వాపుకొనలేక పోయినది.

సముద్రపుటొడ్డున అల్ బలీద్ అను పాతపట్టణపు శిథిలములు కలవు. మధ్యయుగమున జఫారు అని పేరు వడసిన రేవు ఇదియే. మసీదు కూలిపోగా నూటికి మించిన స్తంభముల మొదళ్లు మాత్రము వరుసగా మిగిలియున్నవి. ఇచ్చటనుండి సాంబ్రాణియు, గుఱ్ఱములును ఓడలమీద మన దేశమునకు వచ్చెడివి. గాలి యనుకూలించిన ఇంచుమించు నెల ప్రయాణము. విజయనగర ప్రభువులు అరేబియా, పారసీక రేవులనుండి తెప్పించుకొన్న గుఱ్ఱములను గూర్చి చదువని వారుండరు. శ్రీకృష్ణదేవరాయలు 1515వ సంవత్సరమున మా అహోబిలేశ్వరుని సేవించి కానుకలర్పించినట్లు మా యూరి శాసనము చెప్పుచున్నది. ఆ సేనలోని గుఱ్ఱములలో ఎన్ని యీ సముద్రమును దాటి వచ్చినవో యని ఆ స్తంభములనడుమ నిలిచి తలచుకొంటిని.

ఇంతకంటె ప్రాచీనమైనది సలాలాకు తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న సుమ్‌హురము. క్రీస్తునకు పూర్వమే కట్టిన కోటరేవు. రెండువేల యేండ్లనాటి గ్రీకు నావికు డొకడు తన గ్రంథమున ఈ తీరమును వర్ణించుచు, మన దేశపు ఓడలవారు గాలి తప్పిపోయినపుడు ఇచ్చట శీతకాలము గడపి, నూలుబట్టలును, గోధుమలును, నువ్వులనూనెయు నిచ్చి సాంబ్రాణిని కొనిపోవుదురని వ్రాసెను. అచ్చటి త్రవ్వకములలో మన దేశపు కంచుబొమ్మ యొకటి దొరకినది. తమిళబ్రాహ్మీలిపిలో నొకని పేరు గీసిన కుండపెంకు 2006వ సంవత్సరమున దొరకినది. ఆ పేరుగల వాని యిల్లాలు ఇంటికడ ఎన్ని వానకాలములు ఎదురుచూచెనో చరిత్ర చెప్పదు.

ఇక సాంబ్రాణి మాట. మన యంగళ్లలో సామాన్యముగ సాంబ్రాణి యని అమ్మునది సుమత్రాదీవి జిగురు. పరంగిసాంబ్రాణి వేఱు, దానికి పుట్టినిల్లు ఈ సీమ. అరబ్బులు దానిని "లుబాను" అందురు. పాలవలె తెల్లనిదని దాని యర్థము. అమరమున వనౌషధివర్గములో కుందురు అను మాట చిన్ననాడు మా తాతగారియొద్ద వల్లించితిని. సల్లకికి గజభక్ష్య యనియు, కుందురుకి యనియు పర్యాయములు చెప్పబడినవి. ఆ సల్లకియే మన నల్లమల కొండచరియలందలి అందుగుచెట్టు. సలాలా సాంబ్రాణిచెట్టు దానికి తోబుట్టువు. ముప్పదియేండ్లక్రిందట నేర్చిన మాటకు వస్తువు సముద్రమున కావల కనబడినది.

పట్టణమునకు ఉత్తరముగా కొండలు దాటిన పిదప వాదీ దౌకా అను చోట ఆ చెట్లవనము కలదు. ఈ వనమును, అల్ బలీదును, సుమ్‌హురమును, ఎడారిలోని శిస్రును కలిపి 2000వ సంవత్సరమున యునెస్కోవారు ప్రపంచవారసత్వములో చేర్చిరి. చెట్టు మూరెడు మొద్దునుండి పలు కొమ్మలుగా చీలి, కాగితపు పొరలవంటి బెరడుతో, నిలువెత్తుకు కొంచె మెచ్చుగా నుండును. కత్తితో బెరడును కొంచెము చెక్కినచో పాలు కాఱును. ఆ మొదటి పాలు పనికిరాదు. రెండు వారములకు గీకివేసి మరల చెక్కుదురు. ఆపై వచ్చునదే మేలైన సరకు. ఎడతెగక చెక్కినచో చెట్టు చచ్చును. విశ్రాంతి నిచ్చిన బ్రదుకును. వింత యేమనగా, మంచు దట్టముగా కమ్ము కొండచరియ చెట్టునుండి కాక, కొండల వెనుక చల్లగాలి సోకుటయే కాని వాన ఎఱుగని బీడుభూమి చెట్టునుండియే "హోజరి" అను శ్రేష్ఠమైన సాంబ్రాణి వచ్చును. వానచాటు సీమవారలమగు మనకు ఈ మాట వినుటకు ఇంపుగానే యుండును.

అంగడివీథిలో ఈ సరకు నమ్మువారు పెక్కురు స్త్రీలే. నల్లని ముసుగులో నున్న యొక వృద్ధురాలు రాళ్లను అఱచేత పోసి, ఆకుపచ్చచాయ గలది యుత్తమమని సైగలతో చెప్పినది. మట్టి ధూపపాత్రలో నిప్పుకణికపై వేసి వారు బట్టలకును, జుట్టునకును పొగ పట్టింతురు. రాత్రి నీటిలో నానవేసి ఉదయమున ఆ నీరు త్రాగుదురు. బిడ్డకు తలంటి సాంబ్రాణి పొగ వేయుట మన యిండ్లలోను కలదని మా తోడికోడలిచేత చెప్పించితిని. ఆమె నా చేయిపట్టి, ధర తగ్గింపకయే, గుప్పెడు కొసరు వేసినది.

ఒకనాటి సాయంకాలము సముద్రపుటొడ్డున నడచుచుంటిమి. ఆ ఋతువున అలలు మిక్కిలి కఱకుగా నుండుటచే ఎవరును నీట దిగరు. పరుల బిడ్డను బండిలో త్రోయుచున్న యొక స్త్రీ మా మాటలు విని ఆగినది. "అమ్మా, తెలుగోళ్లా మీరు? మాది రాయచోటి పక్క పల్లె" అన్నది. ఇండ్లలో పనికి వచ్చి ఆరేండ్లైనదట. ఇద్దరు కొడుకులు తన తల్లియొద్ద పెరుగుచున్నారట. "ఇల్లు కట్టినాం, అప్పు తీర్చినాం. ఈ బిడ్డకు నేను లేకుంటే నిద్ర రాదు. నా పెద్దోనికి ఫోను చేస్తే ఆ, ఊ తప్ప మాట రాదు" అన్నది. కన్నీరు లేదు, లెక్క చెప్పినట్లు చెప్పినది. ప్రవరునికి మంచులో పాదలేపము కరగిపోయినట్లే యీమెకును తిరిగిపోవు దారి కరగిపోయినదని తోచినది. మా తోడికోడలు ఆమె మాట వినుచు తన కూతురి వంక చూచినది. ఆ కూతురు నా వ్రేలు పట్టుకొని యున్నది.

ఆ రాత్రి తోడికోడలు వంటయింటిలో నాతో, "అక్కా, ఇంకొక్క యేడాది నీ దగ్గరే ఉండనీరాదా? నాకు రాత్రి డ్యూటీలు. అది నన్ను అమ్మా అనేదానికే జంకుతాంది" అన్నది. అత్తగారి యాజ్ఞయు, నా కోరికయు, ఆమె ప్రార్థనయు ఒక్కటే యైనవి. సరే యన్నచో బిడ్డ మరల నాదగును. కాని సాయంకాలము విన్న మాట నా చెవిలో నుండెను. "జంకు పోయేది నీ దగ్గరుంటేనే గదమ్మా. నా దగ్గరుంటే ఎట్ల పోతుంది?" అంటిని. ఇద్దరమును చాలసేపు మాటలాడలేదు. మరునాడు మా మరిది వైద్యశాలవారితో మాటలాడి రాత్రిపనిని కొంత తగ్గింపించెను. తానును పనివేళలు మార్చుకొనెను. తక్కిన నాలుగు దినములును బిడ్డకు తలదువ్వుట, అన్నము పెట్టుట తల్లికే విడిచితిని. దర్బాతులోయలో ఏటియొడ్డున బురదలో జాఱి పడినపుడు చిన్నది "పెద్దమ్మా" యని యేడ్చినది. నేను కదలలేదు. తల్లి యెత్తుకొన్నది.

ఇంటికి వచ్చి చెప్పగా మా అత్తగారు రెండుదినములు నాతో సరిగా మాటలాడలేదు. పిమ్మట తామే, "తల్లి దగ్గర బిడ్డకు మనము అడ్డమా?" అనిరి.

అరబ్బుదేశమునకు పోదలచు సోదరీమణులకు ఒక మాట. పదవతరగతి దాటని స్త్రీలు ఓమాను మొదలగు దేశములకు పనికి పోవలెనన్న ముప్పది యేండ్లు నిండి, మన ప్రభుత్వపు వలసశాఖవారి యనుమతి పొందవలెను. చూచిరాబోవు వీసాతో పంపి అచ్చట పని యిప్పింతుమను దళారుల మాట నమ్మరాదు. పోవువారు జీతమెంతో, సెలవెన్నడో కాగితముపై వ్రాయించుకొనవలెను. ఇంటికడ బిడ్డలను పెంచు అవ్వలును, పెద్దమ్మలును దూరముననున్న తల్లి పేరు దినమునకొకసారి యైనను బిడ్డచేత పలికింపవలెను.

తెచ్చిన సాంబ్రాణిలో సగము దిగువ అహోబిలము స్వామి ధూపమునకు ఇచ్చితిమి. మిగిలినది శుక్రవారములందు వేయుచున్నాను. ప్రతి యాదివారము ఫోనులో చిన్నదానికి తెలుగుపాఠము చెప్పుచున్నాను. క్రిందటివారము ఆమె 'ఋషి' యను మాటను 'రుషి' యని వ్రాసి చూపినది. నేను దిద్దకమునుపే ప్రక్కన కూర్చున్న తల్లి దిద్దినది.