మనకు బిట్టు, ఇంట్లో భయం



తార్నాకలో ధర్నా ఉందని టీవీలో వస్తే చాలు, మా హాస్టల్ గదిలో ఫోన్లు మోగుతయి. ఒకరికి ఉట్నూరు నుంచి, ఇంకొకరికి మణుగూరు నుంచి. మాట మాత్రం ఒకటే: "బిడ్డా, అటు పోకు. సదువుకొని ఇంటికి రా." మొదట్లో మేము నవ్వుకునేవాళ్లం. ఊళ్లో ఉన్నోళ్లకు ఏం తెలుసులే అనుకునేవాళ్లం.

మొన్న రాత్రి గదిలో గ్రూప్-2 నాలుగో పేపర్, తెలంగాణ ఉద్యమ చరిత్ర చదువుతున్నాం. ఒకరు బిట్లు అడుగుతుంటే మిగతావాళ్లం చెప్తున్నాం. 1969 అమరులు ఎంతమంది? 369. గన్‌పార్కు స్తూపం శిల్పి? ఎక్కా యాదగిరిరావు. ఇంద్రవెల్లి కాల్పులు ఎప్పుడు? 1981 ఏప్రిల్ 20. టకటకా చెప్పేశాం. మాలో ఒక తమ్ముడు మాత్రం పుస్తకం మూసిండు. "ఆ రోజు మా తాత సంతకు పోయిండు అన్నా" అన్నడు. తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ రోజు సోమవారం, సంత రోజు. భూమి కోసం గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టుకుంటే అనుమతి రద్దు చేశారు. ఆ సంగతి తెలియని గోండులు గూడేల నుంచి నడిచి వచ్చారు. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. హక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఆ తర్వాత కట్టుకున్న స్తూపాన్నీ కూల్చేశారు, మళ్లీ కట్టారు. ఎన్నో ఏళ్లు ఏప్రిల్ 20న అక్కడికి పోయి దండం పెట్టుకోవడానికి కూడా ఆంక్షలే.

1969 కూడా మనకు దూరం కాదు. ఉద్యమం అంటుకున్నది మన ఏజెన్సీ అంచునే. పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికులకు రావాల్సిన కొలువులు బయటివాళ్లకు పోతున్నాయని ఖమ్మం జిల్లాలో విద్యార్థులు కదిలారు. ఆ జనవరిలోనే సదాశివపేటలో కాల్పులు జరిగాయి. నిప్పు ఉస్మానియాకు పాకింది. 369 అని జనం చెప్పుకునే లెక్కకు, ప్రభుత్వ లెక్కకు అక్కడా పొంతన లేదు.

తార్నాక అనే పేరే తీగకంచె, నాకా అనే మాటల నుంచి వచ్చిందని పెద్దలు చెప్తారు. 2009-10లో మన సీనియర్లు ఇక్కడ నిజంగానే ముళ్లకంచెలు, లాఠీలు, బాష్పవాయువు చూశారు. 2010 ఫిబ్రవరి 20న ఎన్‌సీసీ గేటు దగ్గర సిరిపురం యాదయ్య ఒంటికి నిప్పంటించుకున్నడు. మేము రోజూ చాయ్ తాగడానికి పోయే దారే అది.

ఇప్పుడు ఫోన్ మోగితే మేము నవ్వడం లేదు. తూటా తగిలినవాళ్లు ఆ రోజే పోయారు. మిగిలినవాళ్ల భయం మాత్రం తాత నుంచి అవ్వకు, అవ్వ నుంచి మనకు వస్తున్నది. ఉన్న సీటు, స్కాలర్‌షిప్, మెస్ బిల్లు గురించి అడగాల్సిన చోట కూడా మనం తల దించుకుంటున్నామంటే అందులో ఆ భయం పాలు ఉంది. దాన్ని పిరికితనం అనకండి. అది బతికి బయటపడ్డోళ్ల జాగ్రత్త.

ఒక్కటే అడుగుతున్నాం. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ గూడెంలో పెద్దల దగ్గర కూర్చోండి. ఎవరు పోయారు, ఎవరు గాయాలతో బతికారు, పేరు, ఊరు, ఇంటిపేరు అడిగి రాసుకోండి. గోండిలో చెప్తే గోండిలోనే రికార్డు చేయండి. 1981లో ఇరవై ఏళ్లున్నోళ్లకు ఇప్పుడు అరవై దాటింది. పరీక్షకు సంఖ్య చాలు. మన ఇంటికి పేర్లు కావాలి.

ఆ తమ్ముడు తాత పేరుతో మొదటి పేజీ రాసిండు. రెండో పేజీ మీలో ఎవరిది?

జై ఆదివాసీ.