ఇంటి కప్పును కాపాడుకుందాం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కట్టిన ఇంటిని నిలుపుకోవడం ఇంకా కష్టమని వారు వేరే చెప్పలేదు గాని, పల్లెలో పెంకుటింట్లో కాపురమున్న ప్రతి కుటుంబానికీ ఆ సంగతి తెలుసు. గోడ బీటవారితే కంటికి కనబడుతుంది. తలుపు ఊడితే ఆ రోజే వడ్రంగికి కబురు పెడతాం. కప్పు మాత్రం తలపైన ఉంటుంది గనుక, వాన చినుకు అన్నం కంచంలో పడేదాకా ఎవరమూ అటు చూడము. ఈలోగా ఎలుక, చెద, పుచ్చు పురుగు, కోతి ఎవరి పని వారు చేసుకుపోతుంటాయి.

మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. తాతల నాటి నాలుగు గదుల పెంకుటిల్లు, వెనుక తాటాకు వంటపాక. తల్లిగారు, మేమిద్దరం, కొడుకూ కోడలూ, ఇద్దరు మనుమలు కలిపి ఏడుగురం ఆ కప్పు కింద ఉంటున్నాము. దాన్ని నిలుపుకోవడానికి మేము చేసినవీ, అనుభవమున్న మేస్త్రులు చెప్పినవీ మీ ఇంటికి కూడా పనికివస్తాయని రాస్తున్నాము.

మా ఇంటిపై ఉన్నవి మంగుళూరు పెంకులు. మన వైపు బంగళా పెంకులనీ, బెంగుళూరు పెంకులనీ కూడా అంటారు. వీటి వెనుక ఒక చరిత్ర ఉంది. బాసెల్ మిషన్ వారు 1865లో మంగుళూరు దగ్గర జెప్పులో, నేత్రావతి నది ఒడ్డున మొదటి పెంకుల కర్మాగారం పెట్టారు. జార్జ్ ప్లెబ్స్ట్ అనే మిషనరీ ఆ పనికి పూనుకున్నారు. విశ్వాసంలోకి వచ్చినందుకు కులవృత్తీ ఆస్తీ పోగొట్టుకున్నవారికి జీవనాధారం చూపడం వారి ఉద్దేశం. అలా మొదలైన పెంకు దక్షిణ దేశమంతా పాకింది. ఆ కథ మా తల్లిగారికి బాగా ఇష్టం. ఈ పెంకులు దింపుదామంటే ఆమె ఒప్పుకోకపోవడానికి అదీ ఒక కారణమే.

దింపాలన్న మాట 2022 వేసవిలో వచ్చింది. ఒక మధ్యాహ్నం కోతుల గుంపు కప్పుమీద పరుగులు పెడుతుండగా ఒక పెంకు జారి లోపల పడింది. రెండు కిలోల పైన బరువున్న పెంకు, చిన్న మనుమడు నిద్రపోతున్న ఉయ్యాలకు మూరెడు దూరంలో పడి ముక్కలయింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. "నాన్నా, ఇక చాలు. పెంకులు తీసేసి సిమెంటు రేకులు వేయిద్దాం" అన్నాడు అబ్బాయి. "రేకుల కింద ఎండాకాలం నేను బతకలేనురా" అన్నది నాయనమ్మ. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. ఒకవైపు పసివాడి ప్రాణం, మరొకవైపు పెద్దావిడ ఆరోగ్యం. ఖమ్మం ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు.

రేకుల విషయం కూడా విచారించాము. సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. ఆస్బెస్టాస్ ఏ రకమైనదైనా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రేకును కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, అది పగిలినప్పుడు లేచే దుమ్ము ప్రమాదకరం. కోతులు ఎగిరి దూకితే అదీ పగులుతుంది. ఇనుప రేకు పగలదు, ఎలుక కొరకలేదు గాని, కింద ఉడికిపోతాము.

పాత పెంకుల పని తెలిసిన ఒక మేస్త్రిని పిలిచి కప్పంతా చూపించాము. ఆయన నిచ్చెన ఎక్కి, పెంకు జారిన చోట చేయి పెట్టి చూసి, "కోతి ఒక్కదాని మీదే నేరం మోపకండి సారూ. కింద రీపరు పుచ్చి పిండయింది. కోతి రాకపోతే రేపు గాలివానకైనా ఈ పెంకు జారేదే" అన్నాడు. తరువాత అటకమీదికి టార్చిలైటు వేసి చూశాడు. వేరుశనగ బస్తా చుట్టూ ఎలుక పెంటికలు, పైన పెంకుల సందులో ఎలుక దారి. "తిండి ఉన్నచోటికి ఎలుక వచ్చింది, ఎలుక చేసిన సందులోంచి వాసన బయటికి పోయింది, ఆ వాసనకు కోతి పెంకు లేపింది" అని లెక్క చెప్పాడు.

ఆయన మాటలను బట్టి మాకు ఒకటి స్పష్టమయింది. ఏ ప్రాణీ మన కప్పుమీద పగతో రాదు. తిండి, తేమ, దారి అనే మూడింటి కోసం వస్తుంది. ఆ మూడూ లేకుండా చేస్తే కప్పు నిలుస్తుంది. అవి అలాగే ఉంటే పెంకు మార్చి రేకు వేసినా కొత్త బాధలు మొదలవుతాయి. అందుచేత పెంకులు దింపే ఆలోచన ఒక ఏడాది వాయిదా వేసి, ముందు ఈ మూడు పనులూ చేద్దామనుకున్నాము. అప్పటిదాకా ఉయ్యాలను శ్లాబు వేసిన ముందు వసారాలోకి మార్చాము.

మొదటిది తిండి. అటకమీది గింజలన్నీ దించి, మూత గట్టిగా పట్టే ఇనుప డ్రమ్ముల్లో పోశాము. చూరుకు వేలాడదీసే మొక్కజొన్న కంకులు, విత్తనాల మూటలు లోపలికి తెచ్చాము. ఎలుక గింజలతో ఆగదు, కరెంటు తీగలు కూడా కొరుకుతుంది. తాటాకు పాకలో ఆ తీగ నిప్పు రాజేస్తే ఏమవుతుందో ఊహించండి. అందుకే పాకలోని తీగలన్నీ గొట్టాల్లోకి ఎక్కించాము. అటకమీద ఎలుకల మందు పెట్టవద్దని మా మనవి. మందు తిన్న ఎలుక అందని చోట చచ్చి కుళ్ళుతుంది. దాన్ని తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా చావవచ్చు. రాత్రంతా ఎలుకలను వేటాడే గుడ్లగూబను అపశకునమని తరిమేవారున్నారు. రైతుకు అంత మేలు చేసే పక్షి అరుదు. మేము బోనులు పెట్టి నెలలోపే ఎలుకల బెడద తగ్గించుకున్నాము.

రెండవది దారి. ఇంటిమీదికి వంగిన వేప కొమ్మనూ, జామ కొమ్మనూ రెండు గజాలు ఎడంగా కొట్టించాము. కోనసీమ రైతులు ఎలుకలు ఎక్కకుండా కొబ్బరి చెట్టు మొదలుకు రేకు చుట్టడం చాలామంది చూసే ఉంటారు. అదే పద్ధతిలో వంటపాక నిట్టాళ్ళకు, మనిషి ఛాతీ ఎత్తున, అడుగు వెడల్పు నున్నని రేకు చుట్టాము. జారుడు రేకుమీద ఎలుకకు గోళ్ళు పట్టవు. చూరు కింద గోడకూ కప్పుకూ మధ్య ఉన్న సందులకు సన్నని ఇనుప జాలీ కొట్టాము. చిటికెన వేలు పట్టే సందు చాలు, చిట్టెలుక దూరుతుంది. అయితే లోపల గబ్బిలాలుంటే వెంటనే మూయకండి. పిల్లలు ఎగిరేదాకా ఆగి, చీకటిపడి అవన్నీ బయటికి పోయాక మూయాలి. ఆ చిన్న గబ్బిలాలు పురుగులను తిని మనకు సాయమే చేస్తాయి.

మూడవది తేమ. చెదలు నేలలోంచి వస్తాయి. వెలుతురూ పొడిగాలీ వాటికి గిట్టవు గనుక గోడమీద మట్టి గొట్టం కట్టుకుని అందులోంచి దూలం దాకా పాకుతాయి. గోడకు ఆనించిన కట్టెల మోపు, ఇంటి మొదట్లో నిలిచే స్నానాల నీరు వాటికి ఆహ్వానాలు. మేము కట్టెలను దూరంగా రాళ్ళమీద పేర్చాము. చూరు నీరు పోవడానికి కాలువ తీశాము. పాక నిట్టాళ్ళను మట్టిలో పాతకుండా రాతి దిమ్మెలమీద నిలబెట్టాము. నెలకొకసారి గోడలన్నీ చూసి, మట్టి చార కనబడితే గీకేస్తాము. మళ్ళీ మళ్ళీ అదే చోట వస్తే తెలిసినవారిని పిలిచి నేలకే మందు వేయించాలి. పైన ఎంత పూసినా కింది దారి మూతపడదు.

పుచ్చు పురుగు వేరు. వాసం కింద పిండిలాంటి పొడి రాలిందంటే అది లోపల ఉన్నట్టే. వెదురులోని పిండిపదార్థమే దానికి ఆహారం. అందుకే పెద్దలు వెదురు బొంగులను నెలకు పైగా చెరువు నీటిలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి వాడేవారు. వెలిగారం, బోరిక్ ఆసిడ్ కలిపిన నీటిలో నానబెట్టినా పురుగు పట్టదు. కాని వానకు తడిస్తే ఆ మందు కరిగిపోతుంది గనుక కప్పు లోపలి కర్రకే అది మంచిది. తాటి వాసాలైతే ముదురు చెట్టువి, చేవ ఉన్నవి ఎంచి, లోపలి మెత్తని బెండు తీయించి వాడాలి.

పూర్వం మన తాతలకు ఇంత పురుగు బాధ ఎందుకు లేదని మా అబ్బాయి అడిగాడు. జవాబు వంటింట్లో ఉంది. కట్టెల పొయ్యి పొగ రోజూ కప్పుకు పట్టి, తాటాకునూ వాసాలనూ ఆరబెట్టి, పురుగును దూరంగా ఉంచేది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాక మన ఇళ్ళల్లో గ్యాసు పొయ్యిలు పెరిగాయి. ఆడవారి కళ్ళకూ ఊపిరితిత్తులకూ అది గొప్ప మేలు, ఆ పొగను తిరిగి తెచ్చుకోనక్కరలేదు. పొగ చేసిన కాపలాను ఇప్పుడు మన కళ్ళు చేయాలి, అంతే. ఆ పనికి విషపు పొడులను తెచ్చుకోకండి. ఒకప్పుడు మూలమూలకూ చల్లిన గమాక్సిన్ అంటే బి.హెచ్.సి. మన దేశంలో ఆల్డ్రిన్‌ను 1996లోనూ, బి.హెచ్.సి.ని 1997లోనూ నిషేధించారు. పాత డబ్బాలు అటకమీద మిగిలి ఉంటే పిల్లల చేతికి అందనివ్వకండి. అన్నం వండే చోట వాటిని చల్లనే వద్దు.

ఇక కోతుల సంగతి. పుచ్చిన రీపర్లు మార్చి, పెంకు వెనుక ఉండే చిన్న రంధ్రంలోంచి తీగ పోసి, చూరు వెంట రెండు వరుసలూ నడికొప్పు వెంట రెండు వరుసలూ రీపర్లకు కట్టించాము. మనుమలు పడుకునే గదిమీద మొత్తం కట్టించి, లోపలివైపు ఇనుప జాలీ కూడా బిగించాము. కొండముచ్చు బొమ్మల ఫ్లెక్సీ నాలుగు రోజులే పని చేసింది. బతికిన కొండముచ్చును పట్టి కట్టేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. టపాకాయలు కాలిస్తే మన కోతి పక్కింటి మీద వాలుతుంది. తాటాకు ఇళ్ళ మధ్య నిప్పురవ్వ ఎంత ముప్పో తెలిసిందే.

మా వీధి చివర ఒంటరి ముసలమ్మ ఉంది. ఎవరు తరిమినా ఆ కోతులు చివరికి ఆమె కప్పుమీద చేరేవి. ఆమెకు నిచ్చెన ఎక్కే సత్తువ లేదు, కూలి ఇచ్చే సొమ్ము లేదు. ఈ సంగతి వీధిలో అందరం కూర్చుని మాట్లాడుకున్నాము. కోతులకు అరటి తొక్క కూడా వేయకూడదని, చెత్తను మూత ఉన్న బుట్టల్లోనే వేయాలని, ముసలమ్మ కప్పును కుర్రవాళ్ళు కట్టిపెట్టాలని నిశ్చయించుకున్నాము. ఒక ఆదివారం సాయంత్రం ఆరుగురు కుర్రవాళ్ళు, మా అబ్బాయి కూడా, ఆ పని పూర్తి చేశారు. 2020లో నిర్మల్ దగ్గర చించోలిలో కోతుల సంరక్షణ కేంద్రం మొదలయింది. అలాంటి పనులు ప్రభుత్వం చేయవలసినవి. వీధిలో తిండి దొరకకుండా చూడటం మన చేతిలో ఉంది. కోతులు ఇప్పటికీ వస్తాయి గాని, నిలవకుండా దాటిపోతాయి.

ఏడాది గడిచాక రేకుల మాట అబ్బాయి మళ్ళీ ఎత్తలేదు. ఆ వానాకాలం రెండు చోట్ల మాత్రమే కురిసింది. నాయనమ్మ తన మూలలోనే చల్లగా ఉంది.

ప్రియ పాఠకులారా, ఏటా రోహిణి కార్తె వచ్చేలోగా ఒక పూట కప్పు కోసం కేటాయించండి. ఒంటరిగా పైకి ఎక్కకండి, కింద ఒకరు నిచ్చెన పట్టుకోవాలి. పెంకుల నడుమ కాక వాసం ఉన్న వరుసమీద పలక వేసి నడవండి. లోపలినుండి టార్చిలైటు వేసి, ఒక్కొక్క వాసాన్నీ చిన్న కర్రతో తట్టి చూడండి. డొల్ల మోత వచ్చిన చోట గుర్తు పెట్టి వానలకు ముందే మార్పించండి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం తప్పంటారు. మనం ఉంటున్న ఇంటి వాసాలు మాత్రం ఏటా ఒకసారి తప్పక లెక్కపెట్టాలి. అలాగే పక్కింట్లో లెక్కపెట్టేవారు లేకపోతే వారివి కూడా.