అక్క మానిన బడి



27 సంవత్సరములుగా ప్రతి ఉదయమున హాజరుపట్టీ తెరచి పిల్లల పేళ్లు పిలుచుట నా పని. పిలిచిన పేరునకు బదులు రానిచో గైరుహాజరు గుర్తు పెట్టుదును. ఆ గుర్తు పెట్టుటకు ఒక్క నిమిషమైనను పట్టదు. అయితే ఆ బిడ్డ యేల రాలేదో విచారించుటకు నేను అనేక పర్యాయములు తీరిక చేసికొనలేదు. ఈ లోపమును నాకు తెలియజేసినది దూరదేశమందలి యొక పట్టణము. అచ్చట నన్ను ఒక ప్రశ్న యడిగినది నా మేనకోడలు.

ఆమె మా అక్క కుమార్తె. జర్మనీ దేశమందు పాడర్‌బోర్న్ అను పట్టణములో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచున్నది. నిరుడు చలికాలమున నన్ను పిలిపించి కొన్ని వారములు తన యింట నుంచుకొనెను. ఆ పట్టణము నడుమ రెండువందలకు పైగా ఊటలు పుట్టి పాడర్ అను నదియగుచున్నవి. ఆ నది నాలుగు కిలోమీటర్లు మాత్రమే పారి మరియొక నదిలో కలిసిపోవును. మన కొండవాగుకంటె పొట్టిదైన ఆ నది పేరనే ఊరు వెలసినది.

మేనకోడలి కుమారునికి ఏడేండ్లు. తెల్లవారకముందే, మంచు కురియుచుండగానే, వాడు వీపున సంచి తగిలించుకొని బడికి పోవుచుండెను. నేను తోడు పోవుచుంటిని. క్రిస్మసు సెలవులు దగ్గరపడినప్పుడు వేరొక పట్టణమందున్న నా స్నేహితుని చూడవలెనని నాకు కోరిక కలిగెను. సెలవులు మొదలైనచో రైలు ఖర్చు హెచ్చునని తెలిసి, "రెండు దినములు ముందుగా బయలుదేరుదము, పిల్లవానిని కూడ తీసికొని పోవుదము" అంటిని.

"కుదరదు మామయ్యా," అని ఆమె చెప్పెను.

"రెండే దినములు గదా. అంత చిన్న బిడ్డకు ఏమి నష్టము?" అంటిని.

ఆమె నవ్వెను. నేనేమంటినో అప్పుడు నాకు తెలిసి సిగ్గుపడితిని. పండు కోత కాలమున మీరు నాతో చెప్పు మాటయే అది. దానికి మిమ్మును గద్దించినవాడను నేనే.

ఆ రాష్ట్రపు చట్టము ప్రకారము సెలవులకు ముందును తరువాతను కలిసివచ్చునట్లు, మిక్కిలి అవసరమైన కారణముంటేనే తప్ప, పిల్లలకు సెలవు ఇయ్యరు. బిడ్డకు జబ్బుచేసినచో తల్లిదండ్రులు వెంటనే బడికి తెలియజేసి, కారణమును వ్రాసి యియ్యవలెను. మానిన కాలమెంత, అందులో కారణము చెప్పనిది ఎంత అనునది ప్రగతి పత్రములో వ్రాయుదురు. కారణము లేక పిల్లలను మాన్పించు తల్లిదండ్రులకు జరిమానా విధింపవచ్చును. పాడర్‌బోర్న్‌కు సమీపమందలి సాల్ట్స్‌కోటెన్ అను ఊరిలో కొందరు తల్లిదండ్రులు కొన్ని పాఠములును ఒక నాటక కార్యక్రమమును తమ విశ్వాసమునకు విరోధమని పిల్లలను వాటికి పంపలేదు. వారికి జరిమానా పడెను. చెల్లించనందున కొందరు చెరసాలకు కూడ పోయిరి. యూరోపు మానవ హక్కుల న్యాయస్థానము 2011లో వారి మొఱను త్రోసివేసెను.

ఇదంతయు విని, "మన తోటలలోను ఇట్టి జరిమానా యుండినయెడల నా హాజరుపట్టీ నిండియుండును" అంటిని.

అప్పుడు మేనకోడలు, "మామయ్యా, మా అమ్మ బడి మానినప్పుడు ఆ జరిమానా యెవరు కట్టవలసి యుండెను?" అని అడిగెను.

నేను బదులు చెప్పలేకపోతిని.

మా అక్క నాకంటె రెండేండ్లు పెద్దది. నేను రెండవ తరగతిలో నుండగా ఆమె నాలుగవ తరగతి. మేము లైనులలో కడపటి యింట నుంటిమి. ఆ యేట మా కడగొట్టు తమ్ముడు పుట్టెను. మా తోటలో పసిపిల్లల నుంచుటకు ఒక గది యుండెను గాని చూచుటకు ఆయా లేదు. ఆ గదిలో ఎరువు బస్తాలు వేసిరి. కాఫీ పండు ఎఱ్ఱబడినప్పుడు కోసినంత తూకమునకే కూలి. మా అమ్మ చీకటితోనే గంప తీసికొని పోవలెను. పసివానిని ఎవరో ఒకరు ఎత్తుకొనవలెను గనుక అక్కను మాన్పించిరి.

"కోత అయ్యేవరకే," అని మా నాయన చెప్పెను. కోత మూడు నెలలు సాగెను. అక్క మరల బడికి వచ్చునప్పటికి ఆమె తోటి పిల్లలు భాగహారము చేయుచుండిరి. ఆమెకు అది తెలియలేదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి వెనుక వరుసలో కూర్చుండెను. పంతులుగారు ఆమె నేమియు అడుగలేదు. మరుసటి కోతకు మరల మాన్పించిరి. ఆ తరువాత ఆమె తిరిగి రాలేదు. కొన్నాళ్లకు పట్టీలో ఆమె పేరు కొట్టివేసిరి.

అక్క మొదట బడి మానిన ఆ సంవత్సరమే నేను ఒక్క దినమైనను మానలేదని నాకు బహుమానముగా ఒక క్రొత్త పలక నిచ్చిరి. నేను ఆ పలకను అందుకొనుచుండగా మా అక్క తమ్ముని చంకనెత్తుకొని బడి వసారా దగ్గర నిలిచి చూచుచుండెను. ఆమె ఇంట నుండుటచేతనే నేను బడిలో నుంటిని. ఇది నాకు బహుకాలము తట్టలేదు. నేను చదివి పంతులునైతిని. ఆమె నేటికిని వ్రేలిముద్ర వేయును. ఆ దినములలో జరిమానా యుండినయెడల మా నాయన దానిని అమ్మ కూలిలోనుండియే కట్టవలసి యుండెను. అక్క మాత్రము ఇంటనే యుండెడిది.

ఆ మాట తరువాత, జర్మనీ దేశస్థులు పిల్లలను బడికి ఎట్లు చేర్చిరో అడిగి చదివి తెలిసికొంటిని. వారు జరిమానాతోనే చేర్చలేదు. ప్రష్యా రాజు 1717లో పిల్లలను బడికి పంపవలెనని ఆజ్ఞాపించినప్పుడు కూడ, చలికాలమున ప్రతిదినము, వేసవిలో సేద్యపు పని యున్నయెడల వారమునకు ఒకటి రెండు పర్యాయములు చాలుననెను. అక్కడి శరత్కాలపు సెలవులను పూర్వము బంగాళాదుంప సెలవులని పిలిచిరి. ఆ దుంపలు త్రవ్వుటకు పిల్లలు పొలమునకు పోయెడివారు. 1839లో ప్రష్యా ప్రభుత్వము తొమ్మిదేండ్లలోపు పిల్లలను కర్మాగారములలో పెట్టుకొనకూడదని చట్టము చేసెను. అప్పటికి పాడర్‌బోర్న్ ఆ రాజ్యములోనిదే.

ఆ మరుసటి సంవత్సరము, అనగా 1840లో, పౌలీన్ ఫొన్ మాలింక్రోట్ అను 23 ఏండ్ల కన్యక పాడర్‌బోర్న్‌లో బీదల పసిపిల్లలను పగటివేళ ఉంచుకొను ఇంటిని తెరిచెను. 1842లో గ్రుడ్డి పిల్లలకు చదువు చెప్ప నారంభించెను. 1849లో ఆమె స్థాపించిన సహోదరీల సంఘము తరువాత అమెరికా, చిలీ దేశములవరకు పోయి బడులు నడిపెను. ఆమె 1881లో ఆ పట్టణమందే మరణించెను. పసిపిల్లల నుంచుకొను ఆ యింటి సంగతి చదివినప్పుడు మా తోటలోని ఎరువు బస్తాల గది నా కన్నులకు కట్టినట్లుండెను. ఇప్పుడైతే ఆ దేశమున ఏడాది నిండిన ప్రతి బిడ్డకును పగటి సంరక్షణలో చోటు పొందు హక్కు 2013 నుండి యున్నది. చెల్లెలిని ఎత్తుకొనుటకై అక్క బడి మానవలసిన పని లేకుండ చేసి, పిమ్మట తల్లిదండ్రులను "బిడ్డ యేల రాలేదు?" అని అడుగుట న్యాయము.

మన దేశములోను ఈ సంగతి తెలియనిది కాదు. 1951లో తోట కార్మికులకై చేసిన చట్టము 50 మంది స్త్రీలు పనిచేయు తోటలో పసిపిల్లల గది యుండవలెననెను. ఆరు మొదలు పండ్రెండేండ్లవరకు గల కార్మికుల పిల్లలు 25 మందికి మించినచోట చదువునకు వసతి కల్పించునట్లు నియమములు చేయవచ్చుననియు ఆ చట్టమే చెప్పెను. వ్రాసిన చట్టమునకును ఎరువు బస్తాల గదికిని నడుమ మా అక్క చదువు పోయెను. ఆమెకు కుమార్తె పుట్టినప్పుడు తోటలో ఆయాను పెట్టువరకు ఆమెయు తోడి స్త్రీలును మేస్త్రీని, రైటరును అడుగుట మానలేదు. ఆ కుమార్తెయే నేడు పాడర్‌బోర్న్‌లో నర్సు.

అయినను, కారణమున్నది గనుక మానిన దినము నష్టము కాదని యెవరును తలంపవద్దు. 2009 నాటి విద్యాహక్కు చట్టము అయిదవ తరగతివరకు సంవత్సరమునకు 200 పని దినములు నిర్ణయించినది. నెలకు రెండు దినములు మానిన బిడ్డ పది నెలలలో 20 దినములు, అనగా పదింట ఒక వంతు, పోగొట్టుకొనును. అయిదేండ్లలో అది 100 దినములు, అనగా సగము సంవత్సరపు చదువు. తీసివేత నేర్పిన దినమున రానివానికి భాగహారము నేర్పు దినమున వచ్చినను తెలియదు. పాఠము తెలియనప్పుడు సిగ్గు పుట్టును. సిగ్గుచేత మరల మానును. మా అక్క త్రోవ ఇదే.

కాబట్టి మీతో కొన్ని మాటలు మనవి చేయుచున్నాను. బిడ్డ రాలేని దినమున ఒక మాట పంపుడి. కారణము తెలిసినయెడల నేను సాయంకాలము లైనులకు వచ్చి ఆ పాఠము చెప్పుదును. పసిబిడ్డ నిమిత్తము పెద్దబిడ్డను, ముఖ్యముగా ఆడపిల్లను, ఆపవలసివచ్చినయెడల కోత మొదలు కాకముందే నాకు చెప్పుడి. ఆయా కొరకు మనమందరము కలిసి అడుగుదము. నాలుగైదు కుటుంబములు కలిసి ఒక వృద్ధురాలిని పసిపిల్లల యొద్ద ఉంచుకొనుట కూడ మన చేతనైన పనియే. ఇదివరకే బడి మానిన బిడ్డ యున్నయెడల ఆలస్యమైనదని అధైర్యపడవద్దు. ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు గల బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠములు ప్రత్యేకముగా నేర్పవలెనని ఆ విద్యాహక్కు చట్టమే చెప్పుచున్నది. బదిలీ పత్రము లేదని త్రిప్పి పంపకూడదు.

నేను తిరిగివచ్చి పాడర్‌బోర్న్ సంగతులన్నియు మా అక్కకు చెప్పితిని. నదిని గూర్చి గాని మంచును గూర్చి గాని ఆమె అడుగలేదు. "మనుమడు బడి మానుచున్నాడా?" అని అడిగెను.

"జ్వరము వచ్చిన రెండు దినములు తప్ప మానలేదు," అంటిని.

"ఆ రెండు దినముల పాఠము ఎవరైన చెప్పిరా?" అని ఆమె మరల అడిగెను.

ఇన్ని సంవత్సరములు పంతులునై యుండియు ఆ ప్రశ్న నాకు తోచలేదు. ఇప్పుడు హాజరుపట్టీలో ప్రతి గైరుహాజరు గుర్తు ప్రక్కన, ఆ పాఠము మరల చెప్పిన తేదీని కూడ వ్రాసికొనుచున్నాను.